రెండు రింగులంటే పని లేదు

రెండో కోత మొదలుపెట్టిన రోజునే పెద్దరైతు యలమందయ్య గారి కల్లంలో ఊదారంగు గొడుగు వెలిసింది. మిర్చి టిక్కీ బస్తాలు తూచే చోట బల్ల వేసి, దాని మీద ఫోన్లు వరసగా పేర్చి, దర్శిలో సెల్‌షాపు నడిపే ప్రేమ్‌చంద్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. మేము అన్నాల వేళకి చేలోనుంచి గట్టెక్కేసరికి ఆ మైకు గొంతు మిరపఘాటులా మా మీదకి వచ్చింది.

"అమ్మల్లారా, అక్కల్లారా, ఫోను ఉచితం. మూడు నెలలు నెట్టు ఉచితం. పాత కంపెనీది ఎద్దుబండి, మాది రైలు. ఎక్కుతారా, దుమ్ములో నడుస్తారా?"

నా ముఠాలో పదకొండు మంది ఆడవాళ్ళు. నేను మేస్త్రిని. రైతుకి ఎంతమంది కావాలో కనుక్కుని, అంతమందిని చేలో దించి, కాయ కోయించి, పొద్దు వాలాక అందరినీ ఆటో ఎక్కించి ఇళ్ళకి చేర్చడం నా పని. ఎక్కించాక ఒకసారి లెక్కపెడతాను. ఆటో కదిలాక ఇంకోసారి లెక్కపెడతాను. "నడిచే ఆటోలోంచి మనిషి ఎటు పోతుంది అత్తా?" అని తేజశ్రీ నవ్వుతుంది. పోయేవాళ్ళు చెప్పి పోతారా అని నేను లోపల అనుకుంటాను.

ఆ రోజు అన్నం గిన్నె మూత తియ్యకుండానే బల్ల దగ్గరికి పరుగెత్తింది ఆ తేజశ్రీయే. ముఠాలో అందరికన్నా చిన్నది, ఇరవై ఆరేళ్ళుంటాయి. వెనకాలే ఇంకో ముగ్గురు. ప్రేమ్‌చంద్ తలా ఒక ఫారం చేతిలో పెట్టి, "ఇక్కడ వేలిముద్ర" అంటున్నాడు. నేను ఒక ఫారం తీసుకుని కల్లం చివర వేపచెట్టు నీడలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా ఇంటాయన జక్రయ్య పత్తికి మందు కొట్టే రోజుల్లో డబ్బా రంగు చూసి మందు కలిపేవాడు. ఒకసారి కంపెనీ డబ్బా రంగు మార్చింది. ఆయన చేలోనే పడిపోయాడు. మూడు రోజులు ఆస్పత్రిలో కూర్చుని ఆ ఖాళీ డబ్బానే చూస్తూ ఉన్నాను. ఆయన బతికి ఇంటికి వచ్చాక, చర్చి పంతులుగారి దగ్గర ఆ డబ్బా మీది అక్షరాలు ఒక్కొక్కటే అడిగి నేర్చుకున్నాను. నా అక్షరాభ్యాసం పురుగుమందు డబ్బా మీదే. పెద్ద అక్షరాలు అమ్మేవాడివి, చిన్న అక్షరాలు కొనేవాడివి అని ఆ డబ్బాయే నాకు నేర్పింది.

ఫారంలో తొమ్మిదో ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఈ పథకం కొత్త నంబరు తీసుకున్నవారికి మాత్రమే. ఈ ఫోనులో వేరే కంపెనీ కార్డు పనిచేయదు.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"పాత నంబరు ఏమవుతుంది బాబూ?"

"దానితో పనేముంది మామ్మా? ఆకుపచ్చ కంపెనీ వాళ్ళు మీ ఊరి టవరు ఈ నెలాఖరుకి విప్పుకుపోతున్నారు. బటన్ల ఫోన్లన్నీ మూగబోతాయి. నేను మంచి నంబరు ఇస్తా, చివర మూడు తొమ్మిదులు."

"మూడు తొమ్మిదులు నేనేం చేసుకోను? దండ గుచ్చుకోనా?"

ఆడవాళ్ళు నవ్వారు. ప్రేమ్‌చంద్ కూడా నవ్వాడు. యలమందయ్య గారు మాత్రం నవ్వలేదు. ఊదా కంపెనీ కొత్త టవరు ఆయన తూర్పు చేని గట్టు మీదే లేచింది.

"ఎలీసమ్మా, విను. సోమవారం నుంచి పనికి పిలుపు గ్రూపులోనే. ఏ చేను, ఎంతమంది, ఎన్నింటికి, అన్నీ అందులోనే పెడతా. నీ రింగుల గోల ఇంక వద్దు."

ఆ రింగుల సంగతి చెప్పాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి నేను పదకొండు మందికీ వరసగా రింగు ఇస్తాను. ఎవరూ ఎత్తరు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే పని ఉంది. ఆపి మళ్ళీ ఇస్తే, అంటే రెండు రింగులంటే, పని లేదు, పడుకోండి. పని ఉన్న రోజు వాళ్ళు లేచి తిరిగి నాకొక రింగు ఇస్తారు. పదకొండు మిస్‌డ్ కాల్స్ వచ్చేదాకా నాకు టీ గొంతు దిగదు. అక్షరం రాని మనిషికి కూడా రింగు అర్థమవుతుంది. పధ్నాలుగేళ్ళుగా మా ముఠా ఇలాగే నడుస్తోంది.

"గ్రూపు చూడటం రానివాళ్ళు ఎట్టాగండీ?" అన్నాను.

"నేర్చుకుంటారు. నువ్వు ముసలిదానివి నేర్చుకోలా అక్షరాలు?" అన్నారాయన. పొగిడారో పొడిచారో తెలియలేదు.

*

ప్రేమ్‌చంద్ రైలు అన్నాడు గానీ, రైలు సంగతి నాకు తెలుసు. మా రోజుల్లో కురిచేడులో ఎక్కితే గుంటూరు దాకా చిన్న లైను. అక్కడినుంచి బెజవాడ పోవాలంటే పెద్ద లైను. రెండూ రైళ్ళే, రెండూ పట్టాల మీదే నడుస్తాయి. కానీ దీని పెట్టె దాని పట్టాల మీద ఎక్కదు. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని, ఈ బండి దిగి ఆ బండికి ఉరకాలి. ఏ లైను గొప్పదన్న తగువు లైన్లు వేసినవాళ్ళది. ఆ ఉరుకులో తప్పిపోయేది మాత్రం మూటలు మోసేవాళ్ళు.

ఫోన్లలోనూ అదే జరిగింది. మొదట్లో రెండు జాతుల ఫోన్లు వచ్చాయి. కార్డు తీసి వేరే ఫోనులో వేసుకునే రకం ఒకటి, దాన్ని జీఎస్‌ఎం అనేవాళ్ళు. నంబరు ఫోనులోనే పుట్టి ఫోనులోనే చచ్చే రకం ఇంకొకటి, అది సీడీఎంఏ. రెండు జట్లవాళ్ళూ మాదే వేగం, మాదే ముందుకాలం అని గోడల మీద రాయించుకున్నారు. చవకగా వస్తుందని జక్రయ్య రెండో రకం తెచ్చాడు. ఆ నంబరు పది అంకెలూ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ఆ నంబరు నోటికి వచ్చిన మనిషి ఇంకొకతి ఉండేది. రసూల్‌బీ. మిరప సాలుకి ఇటు నేను, అటు తను. ఇరవై రెండేళ్ళు ఒకే సాలులో ఎదురుబొదురుగా కాయ కోశాం. నా చేతుల మంటకి తను ఆముదం రాసేది, తన మంటకి నేను రాసేదాన్ని. తుళ్లూరు వైపు రాజధాని కడుతున్నారు, అక్కడ పని బాగుంది అని అల్లుడు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. వెళ్ళే రోజు ఆమె రేకు పెట్టె మూత లోపల నా నంబరు మేకుతో గీశాను. చదవడం రాకపోయినా ఎవరికైనా చూపించి చేయించుకుంటుందని. వారానికొకసారి చేసేది. ఎవరెవరి ఫోన్ల నుంచో చేసేది. తనకంటూ నంబరు లేదు.

ఏడాది తిరక్కుండానే ఆ జాతి ఫోన్లు ఓడిపోయాయి. కంపెనీ దుకాణం కట్టేసింది. ముందుగా ఫోనుకి ఏదో మెసేజి వచ్చింది, ఇంగ్లీషులో. పాటలు అమ్మేవాళ్ళదేమోనని తీసేశాను. పదిహేను రోజుల తర్వాత ఫోను చచ్చింది. నంబరు మార్చకుండా కంపెనీ మారొచ్చని నాకు తెలిసింది ఇంకో ఏడాదికి. కిరాణా కొట్లో కందిపప్పు కట్టిచ్చిన పేపరు ముక్క మీద చదివాను. అప్పటికే గడువు దాటిపోయింది.

ఆ పాత నంబరుకి ఆదివారం ఆదివారం చేసేదాన్ని. మనుగడలో లేదు అనేది. విసిగి మానేసి, రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం మళ్ళీ చేస్తే మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. సింగరాయకొండలో కొబ్బరికాయల కొట్టంట. ఆ నంబరు ఆయనకి ఇచ్చారు.

"ఇంతకుముందు ఒకావిడ రెండుసార్లు చేసిందమ్మా. ఎలీసక్క ఉందా అని. రాంగ్ నంబరని పెట్టేశా."

"ఏ నంబరునుంచి చేసింది బాబూ?"

"ఏడాది పైనే అయింది. గుర్తెక్కడుంటుంది?"

ఆ తర్వాత తుళ్లూరు వెళ్ళి చూశాను. పనులు ఆగి, రేకుల షెడ్లు ఖాళీగా ఉన్నాయి. ఎవరెటు పోయారో చెప్పేవాళ్ళు లేరు.

*

సోమవారం సాయంత్రం యలమందయ్య గారు గ్రూపులో పెట్టారు. రేపు తూర్పు చేను కాదు, పడమటి చేను, అయిదింటికి రావాలి అని. కొత్త ఫోన్లు తీసుకున్నది నలుగురు. వాడనప్పుడు నెట్టు ఆపుకుంటే మిగులుతుందని ప్రేమ్‌చంద్ చెప్పి ఉన్నాడు. మా ఆడవాళ్ళకి పొదుపు ఒకరు నేర్పాలా? సీరియల్ చూడటం అవ్వగానే గ్యాసు రెగ్యులేటరు తిప్పినట్టు నలుగురూ నెట్టు కట్టేసి పడుకున్నారు. పొద్దున మళ్ళీ తెరవలేదు. అలవాటు ప్రకారం తూర్పు చేనుకి పోయి కూర్చున్నారు. మిగతా ఏడుగురూ నా రింగు కోసం చూసి, రాలేదు గనుక ఇళ్ళ దగ్గరే ఉండిపోయారు. నన్ను రింగు ఇవ్వద్దన్నారు గనుక నేను ఇవ్వలేదు. పడమటి చేలో యలమందయ్య గారొక్కరే నిలబడ్డారు.

తొమ్మిదింటికి మా వీధిలోకి బండి మీద వచ్చారు.

"ఏమే, నలుగురు నాలుగు దిక్కులా? ముఠా అంటారా దీన్ని?"

"నెట్టు కట్టేశామండి, కాలిపోద్దని," అంది తేజశ్రీ.

"కాలిపోవడానికి అదేమైనా కిరసనాయిలా?" అని నా వైపు తిరిగారు. "నెలాఖరు దాకా చూస్తా ఎలీసమ్మా. గ్రూపులో లేనివాళ్ళకి నా చేలో పని లేదు. పక్కూరి ముఠా మొత్తం గ్రూపులో ఉంది, ఆటోలు పెట్టి దింపుకుంటా."

ఆయన వెళ్ళాక మా ముఠాలోని రెబెకా నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె కూతురు అద్దంకి దగ్గర హాస్టల్లో ఏడో తరగతి. ఆదివారం పూట పిల్లల చేత ఇళ్ళకి ఫోను చేయిస్తారు. జూన్ నెలలో రిజిస్టరులో ఏ నంబరు రాయించామో ఆ నంబరుకే.

"పిన్నీ, నేను నంబరు మార్చలేను. నెలాఖరుకి టవరు పోతే నా పిల్ల ఎవరికి చేస్తది?" అంది.

"మార్చొద్దు," అన్నాను. "ఎవరూ మార్చొద్దు."

*

బుధవారం రెబెకాను వెంటబెట్టుకుని దర్శి వెళ్ళాను. బస్టాండు దాటాక ప్రేమ్‌చంద్ షాపు, రోడ్డుకి ఆ పక్కన ఆకుపచ్చ కంపెనీ అస్లాం షాపు. ఇద్దరివీ ఎదురెదురు బోర్డులు. ఒకదాని మీద అన్నిటికన్నా వేగం అని ఉంటే, రెండో దాని మీద అందరికన్నా ముందు అని ఉంది.

"మా పదకొండు నంబర్లూ నాదీ, అవే నంబర్లతో మీ కంపెనీలోకి మార్చు బాబూ," అన్నాను.

ప్రేమ్‌చంద్ చేతిలో పని ఆపాడు. "పోర్టా? మీకెవరు చెప్పారు మామ్మా?"

"కందిపప్పు పొట్లం."

"అది కాదు మామ్మా. పాత నంబరు తెస్తే నా టార్గెట్లోకి రాదు. కొత్తవే లెక్క. ఉచిత ఫోను కూడా రాదు. ఎందుకొచ్చిన బాధ చెప్పండి? పైగా ఇవాళ సర్వరు పనిచేయట్లేదు."

"రేపు?"

"రేపూ చెయ్యదేమో."

రెబెకా నా కొంగు లాగింది. బయటికి వచ్చి, రోడ్డు దాటి అస్లాం షాపులోకి వెళ్ళాం. అక్కడ ఈగలు తప్ప ఎవరూ లేరు. సంగతంతా విన్నాడు.

"మేం ఓడిపోయాం లేమ్మా. మీ ఊళ్ళో టవరు ఉంచమని నేనూ రాశాను, పైనవాళ్ళు వినలేదు. వాళ్ళ దారి గెలిచింది," అన్నాడు. ఈగలు తోలుతూ, "నంబరు మాత్రం మీది. మా కంపెనీదీ కాదు, వాడిదీ కాదు. దాన్ని ఆపే హక్కు వాడికి లేదు. ఈ మాట నేను చెప్పానని తెలిస్తే మావాళ్ళు నన్ను తంతారు," అంటూ నా నోటుబుక్కు తీసుకుని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా రాశాడు. ఆ నాలుగు అక్షరాలూ, పక్కన ఫోను నంబరూ కొట్టి 1900కి పంపాలి. తిరిగి ఒక సంకేతం వస్తుంది. దానికి నాలుగు రోజులే ఆయుష్షు. ఆ లోపల ప్రేమ్‌చంద్ మిషనులో అది ఎక్కాలి.

"వాడు ఎక్కించకపోతే?" అంది రెబెకా.

"ఎక్కించేట్టు చేసుకోవడం మీ చేతుల్లో ఉంది. మీ చేతులకి ఈ నెలలో ఉన్నంత విలువ ఏ నెలలోనూ ఉండదు," అన్నాడు అస్లాం.

బస్సులో వస్తుంటే రెండు వైపులా చేలు ఎర్రగా కనబడ్డాయి. రెండో కోత కాయ. పండిన కాయ వారం ఆగితే చెట్టు మీదే ఒడిలి రాలుతుంది, మంచు పడితే తెల్లబడి తాలుకాయ అవుతుంది. తాలుకాయని గుంటూరు యార్డులో కాలితో తన్ని చూస్తారు.

*

సాయంత్రం అందరినీ మా వసారాలోకి పిలిచాను. రసూల్‌బీ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. సింగరాయకొండ కొబ్బరికాయల కొట్టాయన అన్న మాట కూడా చెప్పాను. ఒకామె ముక్కు చీదుకుంది.

"ఇప్పుడు ఏం చేద్దామంటావు అత్తా?" అంది తేజశ్రీ. దాని గొంతు పెళుసుగా ఉంది. "నేను ఫోను తీసుకుని తప్పు చేశాననా? రోజంతా ఎండలో చచ్చి, సాయంత్రం పూట ఒక పాట చూసుకుంటే నీకెందుకు అంత కడుపుమంట?"

"పాట చూసుకో. నేనూ చూస్తా, చూపిస్తే. నంబరు తీసేసుకుని పాట ఇస్తున్నాడు, అది కదా నేను అడిగేది."

"నా పాత కార్డు పొయ్యిలో వేశాను. ఇంక రాదు కదా అది."

"రాదు," అన్నాను. అబద్ధం చెప్పి లాభమేముంది? తేజశ్రీ లేచి వెళ్ళిపోయింది. చెప్పు కూడా సరిగా తొడుక్కోలేదు. దాన్ని వెనక్కి పిలవాలని లేచాను గానీ గడప దాకా వెళ్ళి ఆగిపోయాను. మనుషులు గడప దాటిపోతున్నప్పుడు నాకు ఎప్పుడూ అంతే.

మిగతావాళ్ళ ఫోన్లు ఒక్కొక్కటే తీసుకుని, నోటుబుక్కులో అక్షరాలు చూసి, ముగ్గు వేసినట్టు వేలితో ఒక్కొక్కటీ కొట్టాను. నాతో కలిపి ఎనిమిది. కొత్త ఫోన్లు తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు తమ పాత కార్డులు పసుపు డబ్బాలో దాచుకున్నారు, వాటినీ పాత ఫోన్లలో వేసి పంపాను. మూడో ఆమె కార్డు మనవడు నమిలేశాడంట. పది సంకేతాలు వచ్చాయి. పదీ వరసగా రాసుకున్నాను. ఇంక నాలుగు రోజులు.

"రేపటి పని సంగతి?" అంది రెబెకా.

"రేపు పొద్దున రింగు చూసుకోండి."

నాలుగున్నరకి లేచాను. ఫోను తీశాను. అరవై తొమ్మిదేళ్ళ వయసులో పెద్దరైతుతో పంతం పడితే రేపు ఎవరు పిలుస్తారు? ఈ పదిమంది కడుపు కొట్టినదాన్ని నేనే అవుతానేమో. అయినా నొక్కాను. అందరికీ రెండేసి రింగులు. తేజశ్రీ పాత నంబరుకి కూడా అలవాటుగా నొక్కాను. మనుగడలో లేదు అంది.

*

ఎనిమిదింటికి యలమందయ్య గారు వచ్చారు. నేను చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

"ఏంటి ఇది ఎలీసమ్మా?"

"మా నంబర్లు మాకు ఉండాలండి. ప్రేమ్‌చంద్ మిషను తెచ్చి అవే నంబర్లు ఎక్కించాలి. పనికి పిలుపు నా రింగుతోనే రావాలి. మీ గ్రూపు మీరు పెట్టుకోండి, మాకు అడ్డం లేదు."

"ఫోను కంపెనీ మీద కోపం నా కాయ మీద చూపిస్తావా?"

"టవరు మీ గట్టు మీదే కదండీ ఉంది."

ఆయన బండి స్టాండు కాలితో తన్నారు. "పక్కూరి ముఠాని దింపుతా."

"దింపండి. వాళ్ళ నంబర్లు కూడా ఈ నెలాఖరుకే పోతున్నాయి. వాళ్ళ మేస్త్రికి నిన్న దర్శి బస్సులోనే చెప్పాను."

అది నిజం. చెప్పాను. వింటుందో లేదో అప్పుడు నాకు తెలియదు. ఆ రోజు పక్కూరినుంచి ఆటో రాలేదు. మర్నాడు మబ్బు పట్టింది. పొద్దున మళ్ళీ రెండు రింగులు ఇచ్చాను. పదకొండింటికి గాలి లేచింది. మా వీధి చివర నిలబడితే పడమటి చేలో ఎర్రకాయ ఊగడం కనబడుతోంది. ఆ కాయ మీద నాకు మాత్రం జాలి లేదా? నారు పోసిన రోజునుంచి దాన్ని చూస్తున్న చేతులు ఇవి. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను.

మధ్యాహ్నం యలమందయ్య గారి బండి వెనక కూర్చుని ప్రేమ్‌చంద్ వచ్చాడు, ఒళ్ళో మిషను పెట్టుకుని.

"సర్వరు వచ్చిందా బాబూ?" అంది రెబెకా.

"వచ్చిందక్కా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"వచ్చిందంట, మిరపచేను చూడ్డానికి," అన్నారు ఎవరో వెనకనుంచి.

మా వసారాలోనే కూర్చోబెట్టాం. సంకేతం ఎక్కించాడు, వేలు పెట్టమన్నాడు. మిషను ఎర్రలైటు వేసింది. ఇంకో వేలు. మళ్ళీ ఎర్రలైటు. జనవరినుంచి కాయ కోస్తున్న వేళ్ళు, గీతలు ఎక్కడుంటాయి? అరిగి నున్నగా అయిపోయాయి. ప్రేమ్‌చంద్ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, బొటనవేలు అద్దం మీద అదిమి, తుడిచి, మళ్ళీ అదిమి, చెమట పడితే అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. రెండు నిమిషాలకి కుర్చీలోంచి ఎగిరాడు.

"కళ్ళు, అమ్మో, కళ్ళు."

"నీళ్ళు కొట్టకు, ఇంకా మండుద్ది. ఉండు, మజ్జిగ తెస్తా," అని రెబెకా లోపలికి పరుగెత్తింది. యలమందయ్య గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. కళ్ళు ఎర్రగా, బుగ్గల మీద మజ్జిగ కారుతూ, పాపం, పదిమందివీ పూర్తి చేశాడు. వేళ్ళు పలకనివాళ్ళకి మొహం ఫొటో తీశాడు. ఆ దారి ఉందని ముందే చెప్పొచ్చు కదా అంటే, నిజంగా గుర్తు రాలేదు మామ్మా అన్నాడు.

కొత్త టవరుకి పలికే బటన్ల ఫోన్లు సగం ధరకి ఇప్పించింది యలమందయ్య గారే. టవరు తాలూకు మనుషులతో గట్టు మీద నిలబడి పెద్దగొంతుతో మాట్లాడి ఇప్పించారు. "రేపటినుంచి దిగుతారా మరి?" అన్నారు.

"దిగుతాం. పిలుపు మాత్రం నా రింగుతోనే."

"సరేలే."

ఆ సరేలేలో పూర్తి సరే లేదని నాకు అప్పుడే అనిపించింది.

*

నంబర్లు ఈ కంపెనీనుంచి ఆ కంపెనీకి దాటే రోజు, మధ్యలో కొన్ని గంటలు ఎటూ కాకుండా ఉంటాయని ప్రేమ్‌చంద్ చెప్పాడు. ఆ రోజు చేలోనే ఉన్నాం. పదిన్నరకి నా ఫోను మీద సిగ్నలు గీతలు పోయాయి. పక్క సాలులో రెబెకాది పోయింది. ఒక్కొక్కరే లేచి ఫోను చూసుకుని మళ్ళీ వంగారు. కాయ తుంచే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను కొంగు చివర ఫోను కట్టుకుని, నాలుగు కాయలు కోసి ఒకసారి, నాలుగు కాయలు కోసి ఒకసారి విప్పి చూశాను. చిన్న లైను బండి దిగి, పెద్ద లైను బండి ఇంకా ఎక్కకుండా, మూటలతో నడుస్తున్నట్టే ఉంది. ఆ కాసేపట్లోనే ఎవరైనా మాలో ఒకరికి ఫోను చేస్తే? రాంగ్ నంబరు అని కూడా అనేవాడు ఉండడు.

రెండు దాటాక గీతలు వచ్చాయి. వెంటనే రెబెకాకి రింగు ఇచ్చాను. రెండు బారల దూరంలో మోగింది. తర్వాత ఇంకొకరికి. చేలో అక్కడొకటి ఇక్కడొకటి ఫోన్లు మోగుతుంటే ఆడవాళ్ళు సాళ్ళలోంచి తలలెత్తారు.

సాయంత్రం ఆటో ఎక్కేటప్పుడు తేజశ్రీ వెనకబడింది. వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు, పనికి మాత్రం రెబెకాని అడిగి వస్తోంది. నా దగ్గరికి వచ్చి ఫోను చాపింది.

"నాది రాసుకోవా?"

నోటుబుక్కు తీశాను. తేజశ్రీ అని రాసి ఉన్న చోట పాత నంబరు కింద కొత్తది రాశాను. పాతదాన్ని కొట్టెయ్యలేదు.

"అది చచ్చిపోయింది కదా అత్తా, ఎందుకు ఉంచడం?"

"ఉండనీ. నా చేత్తో నేను కొట్టెయ్యను," అన్నాను.

*

మూడో కోత ముందు వారం, ఒక పొద్దున ఆరింటికి యలమందయ్య గారు మా గడప ముందు బండి ఆపారు. నేను టీ తాగుతున్నాను.

"ఏమ్మా, ఎవరూ కదల్లేదేం? రాత్రే గ్రూపులో పెట్టాను కదా. మూడెకరాలు, అందరూ రావాలని."

"మాకు రింగు రాలేదండి."

"గ్రూపులో తేజశ్రీ చూసింది. చూసినట్టు నీలం గీతలు కూడా పడ్డాయి."

"చూసే ఉంటుంది. రింగు రాలేదు కదా, పడుకుని ఉంటుంది."

"ఇప్పుడు నీకు చెబుతున్నా కదా. పిలువు అందరినీ."

"వసారాలో మీరొక మాటన్నారు. పిలుపు రింగుతోనే అంటే సరేలే అన్నారు. ముందు నాకు మీ రింగు రావాలి, తర్వాత నా రింగు వాళ్ళకి పోవాలి. అది మన పద్ధతి."

ఆయన నా వైపు చూశారు. నేను ఇంకో గుక్క టీ తాగాను. మూడెకరాల మిరప ఆయన మొహం మీద ఎర్రగా కనబడుతోంది.

"నీ గడప ముందు నిలబడి, నీకే ఫోను చెయ్యాలా?"

"సిగ్నలు ఇక్కడ బాగానే ఉందండి. మీ టవరే."

జేబులోంచి ఫోను తీశారు. కాసేపు దాన్నే చూశారు. తర్వాత నొక్కారు. గూట్లో నా ఫోను మోగింది, మార్చకుండా నిలబెట్టుకున్న నంబరు మీదే. లేచి వెళ్ళి చేతిలోకి తీసుకున్నాను. ఎత్తలేదు, మా పద్ధతిలో ఎత్తరు. పూర్తిగా మోగనిచ్చాను.

ఆగాక వరసగా పదకొండు మందికీ ఒక్కొక్క రింగు ఇచ్చి కూర్చున్నాను. మొదటిది రెబెకాది తిరిగి వచ్చింది. తర్వాత మూడు ఒక్కసారిగా. వీధిలో తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఎనిమిది. తొమ్మిది. పది.

"పదండి ఇంక," అన్నారు యలమందయ్య గారు.

"ఇంకొకటి రావాలి," అన్నాను.

తేజశ్రీది రావాలి. అది వచ్చేదాకా నేను గడప దిగలేదు. యలమందయ్య గారు బండి ఇంజను ఆపి, దాని మీదే కూర్చుని ఎదురుచూశారు.